ఏడేళ్ళ మచ్చ

కింది వాటా చూడడానికి వచ్చిన రోజు సిమోన్ కారు దిగలేదు.

అద్దం దించి వాకిలి వైపు చూసి, "మెట్లు లేవు కదా" అంది భర్తతో. ఆమెకు అంతకు మించి చూడవలసింది ఏమీ లేదు.

ఆర్మాండ్ తిబో ఒక్కడే గదులన్నీ చూసుకుని, పై అంతస్తుకు వచ్చి, ఇంటావిడ లొరేన్ మెదీరోస్ వంటింట్లో టోపీ తీసి కూర్చున్నాడు. నూలుమిల్లు దుమ్ముకు భార్య ఊపిరితిత్తులు పాడయ్యాయన్నాడు. తాము ఉంటున్నది మూడో అంతస్తు. ఆమెను కిందికి దించడానికే పొద్దంతా పట్టింది, మళ్ళీ ఎక్కించడం తలుచుకుంటే భయమేస్తోందన్నాడు.

లొరేన్‌కు మనిషి నచ్చాడు. కాఫీ పోసి, తీపి రొట్టె కోసి పెట్టింది. అద్దెకు వచ్చేవాళ్ళ పాత బాకీలు చెప్పే క్రెడిట్ రిపోర్టు తెప్పించడం ఫాల్ రివర్ ఊళ్ళో అందరూ చేసేదే, ఏమీ అనుకోవద్దని చెప్పి సంతకం తీసుకుంది.

ఆ వారంలోనే రిపోర్టు వచ్చింది. ఆడబిడ్డ ఒడెట్ కళ్ళజోడు తగిలించుకుని చదివింది. ఏటా పన్నుల కాలంలో వీధివాళ్ళందరి లెక్కలూ రాసిపెట్టేది ఒడెటే. డబ్బు సంగతుల్లో ఆమె మాటకు ఆ ఇంట్లో ఎదురులేదు.

"కార్డు బాకీల్లేవు. ఇదిగో వదినా, ఇక్కడుంది చూడు. నాలుగేళ్ళ కిందట ఎవరో కోర్టుకెక్కి ఇతని మీద తీర్పు తెచ్చుకున్నారు. డబ్బు కట్టలేదు."

ఎవరని అడిగింది లొరేన్.

"పేరు వెయ్యరు. కోర్టు, తేదీ, అంతే. తీర్పు పడ్డప్పటి నుంచి ఏడేళ్ళు ఇందులో ఉంటుంది. ఇదే నయం. పన్ను ఎగ్గొట్టావని సర్కారు నీ ఆస్తి మీద హక్కు రాసుకుందనుకో, కట్టాకే ఆ ఏడేళ్ళు మొదలవుతాయి. మా మరిది బుద్ధిగా కట్టేసి, అప్పట్నుంచి లెక్కపెట్టుకుంటున్నాడు పాపం."

లొరేన్ ఆర్మాండ్‌ను పిలిపించింది.

"కట్టేశానమ్మా," అన్నాడతను. "అంతా కట్టేశాను. ముట్టిందని కోర్టుకు రాసివ్వాల్సింది పుచ్చుకున్నవాళ్ళు. రాసివ్వలేదు."

"ఇప్పుడు రాయించుకు రండి."

"ఆ మనిషి పోయాడు."

"ఇంట్లోవాళ్ళు ఉంటారుగా?"

ఆర్మాండ్ కాఫీ కప్పు పక్కకు జరిపాడు.

"ఉన్నారు. వాళ్ళకు ఈ సంగతి తెలీదు. తెలియకపోవడమే మంచిది."

ఒడెట్ నవ్వింది. "పోయినవాళ్ళ మీదికి తోసెయ్యడం హాయి. లేచొచ్చి కాదనరుగా."

ఆర్మాండ్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. రెండు నెలల అద్దె ముందే ఇస్తానని, సిమోన్ వల్ల ఏ అలికిడీ ఉండదని, లొరేన్ వైపు తిరిగి మెల్లిగా చెప్పుకున్నాడు.

ఏడేళ్ళు అయ్యాక రమ్మంది ఒడెట్. లొరేన్ ఆమెను వారించలేదు.

"రాయించుకొచ్చినా ఏడేళ్ళూ ఉంటుంది లెండి," అన్నాడతను లేస్తూ. "కింద 'కట్టలేదు' అన్నది 'కట్టాడు' అవుతుంది, అంతే."

కింది వాటాలోకి మచ్చలేని రిపోర్టుతో ఒక కుర్ర జంట దిగింది. క్రిస్మస్ దాకా అద్దె ఇచ్చారు. తరువాత తలుపు తియ్యడం మానేశారు. మంచు కరిగే వేళకు స్నానాల గది కుళాయిలు కూడా ఊడదీసుకుని వెళ్ళిపోయారు.

వాళ్ళ మీద కేసు వెయ్యడానికి లొరేన్ కోర్టుకు వెళ్ళింది. గుమాస్తా ఆమె ఇంటిపేరు కంప్యూటర్లో కొట్టి, తల ఎత్తకుండానే అడిగింది.

"మెదీరోస్ ఆయిల్ మీదేనా? పాత కేసొకటి ఇంకా తెరిచే ఉందమ్మా. తిబో అని. డబ్బు వసూలైందో లేదో మీరు చెప్పనే లేదు."

శీతకాలం ఇళ్ళను వెచ్చబెట్టే చమురు పోసే ఆ చిన్న వ్యాపారం ఆమె భర్త గిల్‌ది. క్యాన్సర్‌తో అతను పోయి మూడేళ్ళయింది.

లొరేన్ నిలబడ్డచోటే ముట్టిందని సంతకం పెట్టింది. కుర్ర జంట మీద కేసు సంగతి మరిచిపోయి, ఆ కాగితం నకలు పట్టుకుని ఆర్మాండ్ ఇంటికి బయలుదేరింది. మూడో అంతస్తు చేరేసరికి మెట్ల కమ్మీ పట్టుకుని ఆయాసపడుతోంది.

ఆర్మాండ్ తలుపు తీశాడు. కింది వాటా ఖాళీగా ఉందని, అడ్వాన్సు వద్దని, రేపే వచ్చెయ్యమని ఆమె గుమ్మంలోంచే గబగబా చెప్పింది.

"సిమోన్ దిగిందమ్మా," అన్నాడతను. "మార్చిలో. అంబులెన్సుతో వచ్చిన ఫైర్ ఇంజను కుర్రాళ్ళు కుర్చీతో సహా మోసుకెళ్ళారు. మళ్ళీ ఎక్కించే పని పడలేదు."

లొరేన్ చేతిలోని కాగితం అతనే తీసుకున్నాడు. చదివి, మడిచి, బల్ల మీద పెట్టాడు. ఆ మచ్చ ఇంకా రెండేళ్ళు ఉంటుంది కదా అన్నాడు, ఎవరి గురించో అన్నట్టు.

"ఆ రోజు నా వంటింట్లో గిల్ పేరు ఎందుకు చెప్పలేదు?"

అతను కుర్చీ చూపించాడు. ఆమె కదలకుండా నిలబడితే, తప్పదన్నట్టు చెప్పాడు. మిల్లు మూసేసిన ఏడాది తాను చమురు డబ్బు ఇవ్వలేకపోయాడు, గిల్ కోర్టుకెక్కాడు, అది న్యాయమే. తరువాత గిల్‌కు జబ్బు ముదిరింది. కోర్టుకు తెలిస్తే ఆసుపత్రివాళ్ళు తమ బాకీ కింద ఆ డబ్బు పట్టుకుపోతారని, రసీదు లేకుండా చేతికే ఇమ్మని బతిమాలాడు.

"ఇంకోటి కూడా అడిగాడు," అన్నాడు ఆర్మాండ్. "'నేనింకా సంపాదిస్తున్నాననే మా లొరేన్ అనుకుంటోంది. అలాగే అనుకోనీ' అన్నాడు. సరేనన్నాను."

పనివాడు తిప్పుతున్నాడని తాననుకున్న గిల్ చమురు లారీ ఆ ఏడాది చలి మొదలవకముందే అమ్ముడుపోయిందని, ఆ ఆఖరి శీతకాలమంతా అతను మంచం మీద నుంచి శనివారం శనివారం తన చేతిలో పెట్టిన ఇంటిఖర్చు ఈ మనిషి తెచ్చి ఇచ్చినదేనని, ఆ గుమ్మంలో నిలబడి లొరేన్ తెలుసుకుంది.