ఒకటిన్నర చుట్టు

ఇలా దగ్గరికి రా అమ్మడూ, ఆ ఫోను కాస్త పక్కన పెట్టు. షార్జాలో మన మంగరాజు అమెరికా కారు బాగుచేసిన సంగతి చెబుతాను.

"అయిపోయిందత్తా!" అంటూ బానెట్ కింద నుంచి తల పైకెత్తాడు మంగరాజు. "ప్లగ్గు గ్యాప్ ముప్పై అయిదు, టైమింగ్ ఎనిమిది డిగ్రీలు, ఐడిల్ ఆరువందలు. కంపెనీవాడు పుస్తకంలో ఏం రాశాడో అదే. వెంట్రుకంత తేడా లేదు."

పక్కన టీ గ్లాసుతో నిలబడింది వాడి మేనత్త సుబ్బాయమ్మ. ఆ కారు గల అరబ్బుల ఇంట్లో ముప్పై ఏళ్ళుగా వంట ఆమెదే.

"ఆ గ్లాసు ఇంజను మీద పెట్టు. చుక్క తొణికితే మీసం తీసేస్తాను."

"ఉన్నవే నాలుగు వెంట్రుకలు. వాటితో పందెమట్రా!"

కారు డెబ్బై మూడు మోడల్ కాప్రిస్. ఇంటిల్లిపాదీ ఎక్కినా ఇంకో ఇద్దరికి చోటుంటుంది. దాన్ని నడిపిన పెద్దాయన కరోనా తర్వాతి ఏడు పోయాడు. అప్పట్నుంచి ఆయన భార్య, పెద్ద మేడమ్, గది దాటి రాలేదు. నాలుగు నెలలుగా ఒక్క మాట లేదు. రెండు ముద్దలు తినిపించడానికి సుబ్బాయమ్మ పూటపూటా యుద్ధం చేస్తోంది. డాక్టర్లు కూడా ఇక ఆమె మనసు మళ్ళాలి తప్ప మందు లేదన్నారు. కొడుకు సయీద్‌కు ఒక్కటే ఆశ మిగిలింది. ఆ కారు చప్పుడు వింటే అమ్మ లేస్తుందని. అందుకే ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీ నుంచి మంగరాజును పిలిపించాడు.

సయీద్ కారు తీసుకెళ్ళి, సందు చుట్టి, గేట్లోకి తెచ్చాడు. పిల్లి నడిచినట్టు వచ్చింది బండి. గదిలో పెద్ద మేడమ్ గోడవైపు నుంచి ఇటు తిరగనైనా లేదు.

సయీద్ మొహం వాడిపోయింది. "ఇది నాన్న కారు కాదు," అన్నాడు హిందీలో. "నాన్న కారు సందు మొదట్లోనే డగ్ డగ్ డగ్ అనేది."

"అది జబ్బు, అర్బాబ్," అన్నాడు మంగరాజు యజమానితో. "నేను తగ్గించేశాను!"

"ఎన్నిసార్లు బాగుచేయించినా వారం తిరక్కుండా మళ్ళీ అదే చప్పుడు వచ్చేది. నాన్నే కావాలని అలా పెట్టుకునేవాడేమో. తను వస్తున్నట్టు అమ్మకు ముందే తెలియాలని." సయీద్ కళ్ళు తుడుచుకున్నాడు. "కోపిష్టి మనిషి. ఇంట్లో ఆటలంటే అస్సలు పడదు. నా క్యారమ్ బోర్డు వీధిలోకి విసిరేశాడు. అలాంటివాడికి అమ్మ మీద ఎంత ప్రేమో చూడు!"

మంగరాజు తల గోక్కున్నాడు. "పుస్తకంలో లేని చప్పుడు నేనెక్కణ్ణించి తేను?"

"ఒరే, కార్బురేటరుకి ఎడం పక్క స్క్రూ ఉంది చూడు. ఒకటిన్నర చుట్టు వదులు చెయ్యి," అంది సుబ్బాయమ్మ మెల్లిగా.

"చింతపండు పిసుక్కునేదానివి, నీకేం తెలుసత్తా?"

"పిక్కలు తీసే పిసుకుతాను గానీ, చెప్పింది చెయ్యి. ముప్పై ఏళ్ళుగా వింటున్నాను ఆ చప్పుడు. యల్లా!"

సణుక్కుంటూ తిప్పాడు మంగరాజు. బండి దగ్గింది, వణికింది, డగ్ డగ్ డగ్ మంది. సయీద్ మళ్ళీ సందు చుట్టి వచ్చాడు.

గదిలో పెద్ద మేడమ్ దిగ్గున లేచింది. కాలితో తివాచీ అంచు గబగబా సరిచేసింది. తలమీద షేలా ముసుగు సర్దుకుంది. "సుబ్బా! గహ్వా!" అని కాఫీకి కేక వేసింది. నాలుగు నెలల తర్వాత మొదటి మాట అది. కిటికీలోంచి చూసేసరికి కారు దిగుతున్నది కొడుకు.

"నువ్వా!" అంటూ ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. "నువ్వైతే ఫర్వాలేదులే."

మళ్ళీ మంచం ఎక్కలేదు. తివాచీ మీదే కూర్చుని, సుబ్బాయమ్మను చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. మూడు ఖర్జూరాలు తినేసింది.

"ఖలాస్! పుస్తకం చింపి పారేస్తున్నా," అన్నాడు మంగరాజు. బానెట్ లోపల పెయింటుతో 'ఎడమ స్క్రూ, ఒకటిన్నర చుట్టు' అని రాసేశాడు. ఇంటికి ఎవరొచ్చినా సయీద్ ఇప్పటికీ బానెట్ ఎత్తి అది చూపిస్తాడు, మా నాన్న ప్రేమకు కొలత ఇదే అంటాడు.

ఈ కథ బాగా గుర్తుపెట్టుకో అమ్మడూ, రేపు నీ పిల్లలకీ చెప్పు. ఆ సయీద్ చెవిన మాత్రం పడనీయకు.

సుబ్బాయమ్మతో ఆడే అష్టాచెమ్మాని ఆయన వచ్చేలోగా తివాచీ కింద దాచే వ్యవధి కోసం ఆ స్క్రూ తిప్పుతూ వచ్చింది పెద్ద మేడమే.