ఒంటిచేతి కత్తి

సుల్మా వెండిపిడి కత్తిని అలా చేతిలోకి తీసుకుందో లేదో, మూల కుర్చీలోని ముసలాయన దగ్గాడు.

ఆమె కత్తి కింద పెట్టింది. దగ్గు ఆగింది.

మళ్లీ తీసుకుంది. మళ్లీ దగ్గు.

"జలుబా?" అంది సుల్మా తల తిప్పి.

"కాదు," అన్నాడాయన. చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే ఆకుల కషాయం బుర్ర. గొట్టంతో ఒక గుక్క పీల్చి అడిగాడు. "ఎవరికి?"

"మా తమ్ముడికి. రేపు కాంగో వెళ్తున్నాడు. శాంతిసేనలో."

తకువారెంబో ఊళ్లో సిపాయిగా దూరదేశం పోయే కుర్రాడికి ఇంటివాళ్లు కత్తి ఇస్తారు. వెండిపిడిదైతే వీధంతా చెప్పుకుంటుంది. తల్లి పోయాక తమ్ముడు విల్మర్‌ని పెంచింది సుల్మాయే. వాడి నడుముకి నాసిరకం కత్తి కనిపిస్తే, వీడు తల్లి లేనివాడని అందరికీ తెలిసిపోతుందని ఆమెకు లోపల ఎక్కడో భయం.

"ఇంకేం ఆలోచించకమ్మా," అన్నాడు కొట్టు యజమాని అతలీవా, వేలాడుతున్న జీనుల కింద నుంచి తల వంచి వస్తూ. "అసలు వాడని కత్తి. ఒక్క గీత లేదు చూడు."

"అదే దాని జబ్బు," అన్నాడు ముసలాయన.

"ఓదిలోన్! నీ మాతే నువ్వు తాగవయ్యా. మొన్న కూడా ఇలాగే బేరం చెడగొట్టావు."

ముసలాయన విననట్టే లేచాడు. కింది అరలోంచి నారింజరంగు ప్లాస్టిక్ పిడి ఉన్న పొట్టి కత్తి తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇది తీసుకెళ్లు."

సుల్మాకు నవ్వొచ్చింది. "ఇదా? చేపలవాళ్ల కత్తి కదండీ ఇది! మా వాడు అక్కడ బంగాళాదుంపల తొక్క తీయడానికి వెళ్తున్నాడనుకున్నారా?"

"తీస్తాడు. డబ్బా మూత కూడా తీస్తాడు. తడిలో తుప్పు పట్టదు. బురదలో పడితే ఈ రంగు కనిపిస్తుంది. పోయిందే అనుకో, ఏడవక్కర్లేదు."

"మీకెంత ముడుతుంది దీనిమీద?"

ఆయన గోడకున్న తోలుతాడు ఒకటి తీశాడు.

"ఎడమ చెయ్యి ఇలా పెట్టు."

కోపం వచ్చింది సుల్మాకు. కానీ ఈ మనిషి ఏం చేస్తాడో చూడాలన్న కుతూహలం కోపం కన్నా ముందు నిలబడింది. చెయ్యి పెట్టింది.

ఆయన ఆమె మణికట్టును కొట్టు స్తంభానికి కట్టేశాడు.

"పట్టపగలు ఇదేం పిచ్చిరా నాయనా!" అతలీవా తల పట్టుకున్నాడు.

"వెండిది నడుముకి దోపుకో అమ్మాయీ. ఇప్పుడు కుడిచేత్తో తీసి తాడు కోసుకో."

ఆమె లాగింది. ఒర కూడా కత్తితో పాటే వచ్చింది. కత్తి జారకుండా ఒర మీద వెండి కొక్కెం. బొటనవేలితో నొక్కింది. కదల్లేదు. మోకాళ్ల మధ్య ఒర ఇరికించబోయింది. జారిపోయింది.

"ఒర పట్టుకోడానికి రెండో చెయ్యి కావాలి," అంది.

"తొందరగా."

ఆయన గొంతు మారింది. సుల్మా తలెత్తి చూసింది. ఆయన ఆమెను చూడటం లేదు. కొక్కేన్నే చూస్తున్నాడు. ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ముఖం ఎర్రబడిపోయింది.

అతలీవా గబగబా వచ్చి నారింజరంగు కత్తి ఆమె నడుముకి దోపాడు. ఆమె పిడిని బొటనవేలితో తోసింది. కత్తి ఒరలోంచి వచ్చేసింది. తాడు తెగి కింద పడింది.

అప్పుడు వదిలాడు ముసలాయన ఊపిరి.

సుల్మాకు సిగ్గేసింది. ఎందుకో తెలియలేదు కాబట్టి ఇంకా కోపం వచ్చింది. చవక కత్తే కొంది.

"ఇక మీ కమీషన్ వసూలు చేసుకోండి, బ్రోకర్ గారూ," అంది గుమ్మం దాటుతూ.

"సన్నతాడుతో నడుముకి కట్టుకోమను," అన్నాడాయన వెనక నుంచి.

ఆ సాయంత్రం కత్తి చూసి విల్మర్ ముఖం ముడుచుకున్నాడు. కాసేపటికి దానితోనే కాల్చిన మాంసం కోశాడు, పుల్ల చెక్కాడు, ప్యాంటుకు తుడిచి దోపుకున్నాడు.

"బాగుందక్కా. పోతుందేమోనన్న బెంగ లేదు."

మర్నాడు వాడు బస్సెక్కాక వాన మొదలైంది. వానంటే సుల్మా ఇంట్లో వేయించిన రొట్టెలు ఉండాల్సిందే. నాలుగు ఎక్కువ వేయించి, గుడ్డలో కట్టుకుని కొట్టుకు వెళ్లింది. ఆయన్ని బ్రోకర్ అన్న మాట రాత్రంతా ఆమెను నిద్రపోనివ్వలేదు.

మూల కుర్చీ ఖాళీగా ఉంది. అద్దాల పెట్టెలో వెండికత్తి కూడా లేదు.

"అమ్ముడుపోయిందా?"

"పొద్దున్నే. రాజధాని నుంచి ఎవరో మొగుడూ పెళ్లాలు వచ్చారు. ఇంట్లో గోడకి తగిలించుకుంటారట. 'గోడకే కదా? గోడకే కదా?' అని వాళ్ల ప్రాణం తీసి గానీ ఇవ్వలేదు ఓదిలోన్. వాళ్ల కారు వీధి మలుపు తిరిగిందో లేదో తనూ బస్సెక్కేశాడు. బ్రెజిల్‌లో కూతురి దగ్గరుంటాడట. ఇక రాడు."

"ఆయన ఇవ్వకపోవడమేమిటి? కొట్టు మీది కదా!"

అతలీవా ఒక రొట్టె తీసుకున్నాడు. తినలేదు.

"కొట్టు నాదేనమ్మా, కత్తి ఆయనది. కొడుకు కాంగో వెళ్తుంటే ఆయనే చేతిలో పెట్టాడు. అక్కడ సరస్సులో పడవ తిరగబడి, ఒక చెయ్యి తాళ్లలో చుట్టుకుపోయిన ఆ కుర్రాణ్ణి పైకి తీసినప్పుడు, అది వాడి నడుముకే ఉంది, ఒరలో, వేసిన కొక్కెం వేసినట్టే."