పిల్లల కొలతలు

"దీనికి గుండీలు లేవు. గిదేమో చంకల చిరిగింది. అమ్మానాయినా లేని పోరగాండ్లకు గిసొంటియా ఇచ్చేది?" రఫియా చొక్కాలను విసిరికొట్టింది.

టాంజానియా పల్లెలో తన పాత టీచరమ్మ నడిపే అనాథల బడికి పంపాలని, రఫియా నెలరోజులు బాన్సువాడంతా తిరిగి బట్టలు పోగుచేసింది.

రఫియా కుట్టు దుకాణంలో కాజాలు కుట్టే సోమ్లి సూది ఆపింది. "నేను ఆశ్రమంలనే పెరిగిన గదక్కా. మంచి బట్టలు గూడ వచ్చేటియి. ఒక్కటన్న నా ఒంటికి సరిపోలే. నన్నెవ్వరు కొలవలే."

రఫియా కోపం ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. తను దర్జీ. అయినా టీచరమ్మకు రాసిన ఏ ఉత్తరంలోనూ ఆ మాట అడగలేదు.

బట్టల మూట పక్కకు నెట్టి, కాగితం తీసి రాయసాగింది. "పిల్లలందరి కొలతలు పంపండి."

"పేర్లు గూడ అడుగక్కా," అంది సోమ్లి.