అయిసు పెట్టె

“ఒక్క చుక్క ఎయ్యి బిడ్డా. ఇంకో గంటైతే ఎయ్యనీకి కాలే ఉండది,” అన్నాడు వెంకటరాజం.

తండ్రి మొహం వైపు శ్రీలత చూడలేదు. తీరం నుంచి అయిసు పెట్టెలో వచ్చిన సముద్రపు నాచును బస్టాండులో తీసుకుని, ల్యాబుకు పోకుండా తిన్నగా దవాఖానకే వచ్చింది. ఆ అయిసు పెట్టెను మంచం కిందికి నెట్టింది.

నాచు మీద బతికే ఒక బ్యాక్టీరియా మీదే ఆమె పరిశోధన. షుగరు పుండు పడ్డ తండ్రి కాలి నుంచి చీము తీసి, గాజు పళ్ళెంలో పెంచి చూసింది. ఏ మందుకూ లొంగని క్రిమి ఈ బ్యాక్టీరియా చుట్టూ మాత్రం చచ్చింది. ఆ సంతోషంలో ఇంట్లో నోరు జారింది. అదే తప్పయింది.

“పళ్ళెంల సచ్చింది బాపు. మనిషిల ఏమైతదో ఎవలకు ఎరుక? పానమున్న మనిషి మీద చుక్క గూడ పడొద్దన్నడు మా సారు.”

“మరి ఎవల మీద ఏస్తరు?”

“ముందుగాల ఎలుకల మీద. మనిషి దాక రావాలంటే ఏండ్లు పడ్తది.”

“నేను గూడ ఎలుకనే అనుకో. మగ్గం గుంటలనే బతికిన గద.”

ఆమెకు నవ్వు రాలేదు. మగ్గం తొక్కే కాలది. అది పోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే బాపు బాపులా ఉండడు. అన్నీ తెలుసు. అయినా లోపల ఏదీ కదలడం లేదు. ఏడుపు కూడా రాలేదు. నర్సు చూపించిన చోట సంతకం పెట్టి, ఆపరేషన్ గది ముందు బెంచీ మీద కూర్చుంది.

నడుముకు మత్తు సూది వేసి, మనిషి మేలుకుని ఉండగానే కాలు తీసేశారు.

వార్డుకు తెచ్చి పడుకోబెట్టేసరికి చిన్నాయన మురళీమోహన్ వచ్చాడు. చేతిలో తెల్లబట్ట, పసుపు ఉన్నాయి. తీసిన కాలిని ఇంటివాళ్ళే మట్టిలో పెట్టాలి. ఊళ్ళో గుంత తవ్వించి మరీ వచ్చాడు.

“కాలు ఏదమ్మా?” అని ఆయా అండాలును అడిగాడు.

“మీ మనిషి చెప్పిన కాడనే పెట్టిన.”

“మా మనిషా? ఎవలు? బిడ్డా, నువ్వా?”

శ్రీలత తల అడ్డంగా ఊపింది.

మురళీమోహన్ గొంతు లేచింది. “కుక్కలకు పడేసిన్రా ఏంది?”

“లొల్లి పెట్టకు తమ్మీ,” అన్నాడు వెంకటరాజం మంచం మీది నుంచి. నడుము కింద అతనికి ఇంకా తిమ్మిరే. “నేనే చెప్పిన.”

కూతురి వైపు తల తిప్పాడు.

“కవర్ల సుట్టి, నీ అయిసు పెట్టెల నాచు పక్కన పెట్టిపిచ్చిన. మీ సారుకు చెప్పు బిడ్డా, దాంట్ల ఇగ పానం లేదు. ఎయ్యి.”