పరగడుపు పలకరింపు

వృషణంలో గడ్డ తీసేశాక డాక్టర్ షహనాజ్ జోగినాయుడితో దాపరికం లేకుండా మాట్లాడింది. "గడ్డ చిన్నది, బయటికి పాకలేదు. ముందుజాగ్రత్తకి ఒక్క విడత కీమో ఇవ్వొచ్చు. ఇవ్వకుండా కనిపెట్టుకుని ఉన్నా సరే, తిరగబెడితే అప్పుడు చూసుకుందాం. మీ ఇష్టం."

"కనిపెట్టుకునే ఉందామండీ," అన్నాడు. కుదిరిన పెళ్ళి తప్పిపోయినవాడు, ఇంట్లో తెరముందు కూర్చునే విశాఖ రేవులో క్రేన్లు తిప్పేవాడు. కీమోతో మంచాన పడితే గంజి కాచి పోసే దిక్కెవరు?

కనిపెట్టే పని స్నానాలగది అద్దానిది. అందరిళ్ళలోనూ ఉండే మాట్లాడే అద్దమే. పొద్దున్నే "టిఫినైందా నాయుడుగారూ?" అని అడిగేది. ఇంకా లేదంటే ఊదమనేది. ఊపిరి చూసి, "ఏమీ లేదు, వెళ్ళి తినండి" అనేది. దానికి ఆపేక్షేమీ లేదనీ, పరగడుపున చేసే పరీక్ష గనకే అడుగుతోందనీ అతనికీ తెలుసు. అయినా రోజు మొత్తం మీద తిన్నావా అని అడిగే గొంతు అదొక్కటే. సెలవురోజు కూడా దానికోసం పెందలాడే లేచేవాడు.

ఐదేళ్ళు నిండాక డాక్టర్ తెరమీద కనబడి నవ్వింది. "గండం గడిచింది. ఇక కీమో మాటే లేదు, పరీక్షా వద్దు. రేపట్నుంచి అద్దం అడగదు."

"ఇంకో ఏడాది ఉంచకూడదాండీ?"

"భయమా?"

"అబ్బే," అన్నాడు.

మర్నాడు ఇడ్లీపళ్ళెం పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. అందులో తన మొహం తప్ప ఏమీ లేదు. ఇడ్లీలు చల్లారిపోయాయి.

"ఇంకా తినలేదు," అన్నాడు.