చీటీ మీద ప్రశ్న

మడత పెట్టిన చీటీ ఒకటి బల్ల మీద జారుకుంటూ వచ్చి నర్సమ్మ నోటుపుస్తకం దగ్గర ఆగింది.

"నువ్వడుగు తల్లీ," అని గొణిగింది పక్కనున్న టైలరమ్మ.

నర్సమ్మ నిట్టూర్చింది. పదేళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఆపైన మఠకన్య అయి, ఇప్పుడు క్రైస్తవ సన్యాసులు నడిపే ఈ విశ్వవిద్యాలయంలో దైవశాస్త్రం చదువుతోంది. ఆమె ఎవరికీ జంకే మనిషి కాదు. టైలరమ్మ దారే వేరు. అరవై అయిదేళ్ల వయసులో కుట్టుమిషనుకి మూత వేసి వచ్చి ఈ తరగతిలో చేరింది. మొదటి రోజు ఆమె గుమ్మంలో అడుగుపెట్టగానే ప్రొఫెసరు ఫాదరు చెబుతున్న మాట మధ్యలోనే ఆపేశారు. ముసలి విద్యార్థిని చూసి చిరాకు పడ్డారనుకున్నారు అందరూ. ఈ రెండేళ్లలో ఆమె ఆయనతో నేరుగా ఒక్క మాటా మాట్లాడలేదు. సందేహాలన్నీ చీటీల మీదే.

నర్సమ్మ లేచి చదివింది. "ఫాదర్, పన్నెండేళ్ల యేసు తప్పిపోతే తల్లి మూడు రోజులు వెతికింది. తీరా చూస్తే దేవాలయంలో పండితుల మధ్య కూర్చుని ఉన్నాడు. నేనిక్కడే ఉంటానని మీకు తెలీదా అన్నాడు. ఆ మాటతో తల్లి మనసు కుదుటపడిందా?"

ఫాదరు నల్లబల్ల వైపు తిరిగారు. నలభై దాటిన సన్నటి మనిషి. దిద్దిన కాగితాలన్నీ రక్తమోడేలా ఉంటాయని పిల్లలు ఆయనకు ఎర్రసిరా ఫాదరని పేరు పెట్టారు.

"ఆ జవాబు ఆమెకు అర్థం కాలేదనే రాసి ఉంది. అంతకు మించి చెప్పే అర్హత నాకు లేదు," అన్నారు. ఆ తర్వాత గంట కొట్టకముందే తరగతి ముగించేశారు.

టైలరమ్మ తన సిద్ధాంత వ్యాసానికి కూడా ఆ ఘట్టాన్నే ఎంచుకుంది. వ్యాసం ఒకసారి తిరిగొచ్చింది. రెండోసారీ తిరిగొచ్చింది. మూడోసారి భోజనశాలలో దాన్ని చూసిన నర్సమ్మకు ఒళ్లు మండింది. పక్క ఖాళీలో ఎర్రటి అక్షరాలు: "తల్లి మొర వినబడుతోంది. ఆధారాలు చాలవు. మళ్లీ రాయండి."

"ఈయనకి మీమీద కక్షేమన్నా ఉందా పెద్దమ్మా?"

"కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ వెయ్యాలి కదమ్మా."

"బాగానే ఉంది, మీరే ఆయన్ని వెనకేసుకొస్తున్నారు! అసలు ఈ వయసులో మీకీ చదువెందుకు?"

"ఇందులో అంత గొప్పేముందో చూద్దామని."

"కనబడిందా?"

"ఉక్రోషం తగ్గేకొద్దీ కనబడుతోంది," అంది టైలరమ్మ, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

నర్సమ్మ ఊరుకోలేదు. ఆ మధ్యాహ్నమే ఫాదరు గది తలుపు తట్టింది.

"ఫాదర్, పాపం ఆవిడకి చూపు సరిగా ఆనదు. రాసిందే రాసి వేళ్లు వాచిపోయాయి."

ఆయన చేతిలో పుస్తకం మూసేశారు. "బాగా వాచాయా? మందేమైనా రాశారా?"

"నేనే రాశాను. నేనొచ్చింది మందు గురించి కాదు. అందర్నీ ఇలాగే కొలుస్తారా మీరు?"

"లేదు సిస్టర్. ఆవిడ్ని ఇంకాస్త గట్టిగా కొలుస్తున్నాను. నేను ఊరికే ఒక్క మార్కు వేసినా ఆవిడ పడ్డ కష్టమంతా మట్టికొట్టుకుపోతుంది."

"అదేం న్యాయం?"

ఆయన మళ్లీ పుస్తకం తెరిచారు. ఇది మొండిఘటమని నర్సమ్మ తేల్చేసుకుంది.

నాలుగోసారి వ్యాసం నిలబడింది. ఇక మిగిలింది మౌఖిక పరీక్ష. ఆ ఉదయం నోటీసుబోర్డు మీద ముగ్గురు పరీక్షకుల పేర్లున్నాయి. వాటిలో ఎర్రసిరా ఫాదరు పేరు లేదు.

"ఆయనే తప్పుకున్నారండీ, డీన్ గారికి ఉత్తరం రాసి మరీ," అన్నాడు గుమాస్తా.

"చూశారా పెద్దమ్మా! మీ పరీక్షకి కూర్చోవడం కూడా ఇష్టం లేదు ఆ మహానుభావుడికి."

"మంచిపని చేశాడు," అంది టైలరమ్మ.

'చేశారు' కాస్తా 'చేశాడు' అయింది. ఇన్నాళ్లకి ఈవిడకీ కోపమొచ్చిందని నర్సమ్మ సంతోషించింది.

పరీక్ష గదిలో నర్సమ్మ వెనక బెంచీ మీద కూర్చుంది. పెద్ద పరీక్షకుడు నెమ్మదిగా మొదలుపెట్టారు. "కొడుకు దొరికాక తల్లి ఏం చేసిందమ్మా?"

"కడిగేసిందండీ. ఏ తల్లైనా అంతే కదా."

ముగ్గురూ నవ్వారు.

"ఆపైన?"

"జవాబు అర్థం కాలేదు. మనసులో దాచుకుంది."

"అర్థం కానిదాన్ని దాచుకోవడం విశ్వాసం ఎలా అవుతుంది?"

టైలరమ్మ వాచిన వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"కొలత తెలియని గుడ్డకి కత్తెర పెట్టకూడదండీ. దాచుకుంటే ఏనాటికైనా అక్కరకొస్తుంది. ఆ తల్లికి అంత ఓపిక ఉంది. నాకు లేకపోయింది. తొందరపడి కత్తిరించేశాను. ఎలా అతకాలో ఆమె దగ్గర నేర్చుకుందామని వచ్చాను."

పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. పక్కవాళ్లతో ఓ మాట అనుకుని, అక్కడికక్కడే మొదటి శ్రేణి అని ప్రకటించారు.

బయట వసారాలో ఎర్రసిరా ఫాదరు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. పొద్దుటినుంచీ అక్కడే ఉన్నారని గుమాస్తా చెప్పాడు. నర్సమ్మ చరచరా ఆయన ముందుకు వెళ్లింది.

"మొదటి శ్రేణిలో ప్యాసయ్యారు ఫాదర్! ఇప్పుడేమంటారు?"

ఆయన చూపు ఆమెను దాటి పరీక్ష గది గుమ్మం వైపు వెళ్లింది. టైలరమ్మ మెల్లగా నడుచుకుంటూ వచ్చి ఆయన ఎదుట నిలబడింది. తలెత్తి ఆ మొహాన్ని తీరిగ్గా చూసింది. ఈ రెండేళ్లలో మొదటిసారి ఆయనతో నోరు విప్పింది.

"ఇల్లు వదిలినప్పటికన్నా చిక్కిపోయావురా, కొడుకా."