బెబ్బులీ, లేడీ

"బండికి లేడి అని పేరేమిటే తల్లీ? ఎక్కినవాడు మొహం దాచుకుని దిగాలి," అన్నాడు రాళ్లాయన, హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ.

"మా జట్టులో పన్నెండు మందిమీ కలిసే పెట్టుకున్నాం నాన్నా. రాళ్ల మీద దాని అడుగు అంత తేలిగ్గా పడుతుందని," అంది కూతురు.

"షెడ్డులో వాళ్లేమో లేడీస్ బండి అంటున్నారు."

"అననీ. నోరు వాళ్లది."

ట్రక్కుల కంపెనీలో ముప్పై ఏళ్లుగా కొత్త బండ్లను రాళ్లలో, ఇసుకలో తోలి చూసి, పనికొస్తుందో రాదో చెప్పడమే ఆయన పని. అందుకే అందరికీ రాళ్లాయన అయ్యాడు; అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా కనిపించదు. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఇదే ఆఖరి పరీక్ష.

మైదానంలో రెండు బండ్లు నిలబెట్టి ఉన్నాయి. రెండిటికీ ఒకే రంగు, ఒకే రకం టైర్లు. తలుపుల మీద పేర్లే వేరు. బెబ్బులిది ఎనిమిది సిలిండర్ల ఇంజను. కంపెనీకి పేరు తెచ్చిన వంశంలో పుట్టిన కొత్త బిడ్డ. లేడిది ఆరు సిలిండర్లది. కూతురూ ఆమె జట్టూ అయిదేళ్లు తిండీ నిద్రా మానుకుని చేసిన ఇంజను. రెండిట్లో ఒక్కటే ఫ్యాక్టరీలోకి వెళుతుంది. రెండోదాన్ని తయారుచేసిన గదికి తాళం పడుతుంది, జట్టు తలో దిక్కుకీ పోతుంది.

"నా కూతురి ఇంజను ఉంది సార్, ఇంకెవరినైనా చూసుకోండి," అని మొదటిరోజే చెప్పేశాడు రాళ్లాయన.

"నీకంటే నిక్కచ్చి మనిషిని చూపించు, నిన్ను వదిలేస్తాను," అన్నాడు చీఫ్ ఇంజనీరు.

ఆ మాటతో ఆయన నెత్తిన పెద్ద బరువు పడింది. నెల రోజులుగా ఇంట్లో ఇంజను ఊసెత్తలేదు. కూతురు పక్కన కూర్చుని తింటున్నా తలెత్తలేదు. కూతురని ఒక్క మార్కు ఎక్కువ వేస్తే ముప్పై ఏళ్ల మాట గంగలో కలిసినట్టే.

చీఫ్ రెండు బోనెట్లకూ కాగితపు సీళ్లు అంటించాడు. మీటర్లనూ మూసేశాడు. "అంకెలు మా దగ్గర వేరే ఉన్నాయి. నీ చేతులూ నీ నడుమూ ఏం చెబుతాయో అది చాలు," అన్నాడు. మైదానం నియమం ప్రకారం చెవులకి మూతలు పెట్టుకుని రాళ్లాయన ముందు లేడి ఎక్కాడు.

ఇసుకగుంటలో దిగగానే బండి ముక్కు కిందికి లాగింది. ముందు చక్రాలు కూరుకుపోతుంటే వెనక్కి తీసి, మళ్లీ తోసి, ఎలాగో గట్టెక్కించాడు. రాళ్ల ఎత్తు మీద స్టీరింగు చేతికి రాయిలా తగిలింది. 'చిన్న ఇంజను, ఆయాసపడుతోంది పాపం' అనుకున్నాడు. దిగివచ్చి, అదే ఎత్తు రెండోసారి ఎక్కించాడు. సగం దారిలో ఆయనకే సిగ్గేసింది. పరాయివాళ్ల ఇంజనుకి ఇలా రెండో అవకాశం ఇచ్చి ఉండేవాడా? రెండోసారీ అంతే. బండి దిగి కూతురివైపు చూడకుండా బెబ్బులి ఎక్కాడు.

ఇది వేరే లోకం. పెడల్ మీద కాలు ఆనిందో లేదో బండి కదిలింది. ఇసుక మీద తేలిపోయింది. నిట్టనిలువు రాళ్లు నల్లేరు మీద బండి నడకలా దాటేసింది. శిఖరం మీద ఆపి, రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నాడు. ముప్పై ఏళ్లలో ఇంత మంచి బండి తోలలేదు. అందుకు సంతోషించాలో, కిందికెళ్లి ఏ మొహంతో చెప్పాలో తెలియలేదు.

కిందికి వచ్చాక చీఫ్ రిపోర్టు కాగితం ముందు పెట్టాడు.

"బెబ్బులి," అన్నాడు రాళ్లాయన ఒక్క ముక్కలో.

కూతురే పెన్ను తీసి అందించింది. "కారణాలు కూడా రాయి నాన్నా."

"ఎందుకమ్మా, పుండు మీద కారం."

"నీ చేత్తో ఉండాలి. లేడికి ఏం తక్కువైంది?"

"ముక్కు బరువు. ఇసుకలో దిగబడుతోంది. పిలిస్తే ఆలస్యంగా పలుకుతోంది."

"ముక్కు బరువు అని స్పష్టంగా రాయి. బెబ్బులి?"

"ముందు భాగం పువ్వులా లేస్తోంది. కాలు ఆనించేలోపే పరుగు."

"అదీ రాయి. కింద సంతకం."

రాస్తూనే కూతురివైపు చూశాడు. పిల్ల కంట నీటిచుక్క లేదు, గొంతులో జీర లేదు. ఎంత నిబ్బరం వచ్చింది దీనికి అనుకున్నాడు. ఆ నిబ్బరమే గుండెల్లో కలుక్కుమంది. సంతకం చేసి పెన్ను కింద పెట్టాడు.

"నువ్వు నా కూతురివి కాకపోయినా ఇదే రాసేవాణ్ణమ్మా."

"తెలుసు నాన్నా. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు."

"నామీద కోపం లేదుగా?"

"నీలా నిజం రాసేవాళ్లు ఇంకెవరూ లేరనేగా ఇన్నాళ్లూ నోరు కుట్టుకుని కూర్చున్నాను!"

ఆ మాట ఆయనకి సరిగ్గా బోధపడలేదు. చీఫ్ రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తలుపు మీద బెబ్బులి అని రాసి ఉన్న బండి దగ్గరికి నడిచి, సీలు చింపి, బోనెట్ ఎత్తాడు. "ఇలా రావయ్యా," అని పిలిచాడు.

రాళ్లాయన వెళ్లి వంగి చూశాడు.

సిలిండర్లు ఆరే ఉన్నాయి.